విత్తనం మారింది... ఆడవాళ్ల బతుకులో ఏం మారింది?

జన్యుమార్పిడి పంటలు అనగానే అదేదో శాస్త్రవేత్తలూ, కంపెనీలూ, మంత్రులూ మాట్లాడుకునే వ్యవహారమనీ, మనకేం సంబంధం లేదనీ అనుకుంటాం. పేపర్లో ఆ వార్త కనబడితే పేజీ తిప్పేస్తాం. ఒక్కసారి ఆలోచించండి. మనం కట్టుకున్న నూలు చీర, పిల్లల యూనిఫాం, దిండులో దూది, దేవుడి ముందు వెలిగించే వత్తి... ఇవన్నీ ఏ పత్తి నుంచి వస్తున్నాయి? మన దేశంలో పత్తి వేసే భూమిలో నూటికి తొంభై పాళ్లకు పైగా బీటీ పత్తే. పాలిచ్చే గేదెకి పెట్టే పత్తి చెక్క కూడా ఆ గింజలదే. కాబట్టి ఆ గింజ మన గడప దాటి ఎప్పుడో లోపలికొచ్చేసింది. పొలంలో దాన్ని నాటే చెయ్యీ, కలుపు తీసే చెయ్యీ, చివరికి పత్తి తీసే చెయ్యీ కూడా చాలావరకు ఆడదానివే. అయినా ఈ పంటల మీద ఇరవై ఏళ్లకు పైగా జరుగుతున్న వాదోపవాదాల్లో ఆ చేతుల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఆ లెక్క మనమే ఓసారి చూద్దాం.

అసలేమిటీ బీటీ?

మట్టిలో సహజంగా ఉండే ఒక బాక్టీరియా పేరు బాసిల్లస్ తురింజియెన్సిస్. ఆ పొడుగాటి పేరుకి పొట్టి పేరే బీటీ. అది తయారుచేసే ఒక ప్రొటీను కొన్నిరకాల పురుగుల పొట్టలోకి వెళ్తే విషంగా పనిచేస్తుంది. ఆ ప్రొటీన్ని తయారుచేసే జన్యువుని తీసి పత్తి మొక్కలోకి ఎక్కించారు. కాయతొలిచే శనగపచ్చ పురుగు ఆ మొక్కని కొరికితే చస్తుంది. అంతేగానీ పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక లాంటి రసం పీల్చే పురుగులకి దాంతో ఏమీ కాదు. వాటికి మందు కొట్టాల్సిందే.

మన దేశంలో దీనికి 2002 మార్చిలో అనుమతి ఇచ్చారు. అప్పటికి మన పత్తి రైతు చాలా చితికిపోయి ఉన్నాడు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పంటని తినేసింది. 1997-98లో వరంగల్ జిల్లాలో లద్దె పురుగు పడి, కొట్టిన మందు పనిచెయ్యక, అప్పులు తీర్చలేక ఎందరో రైతులు అదే మందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఇది గుర్తుపెట్టుకోవాలి. రైతుల ఆత్మహత్యలు బీటీతో మొదలు కాలేదు, బీటీతో ఆగనూ లేదు. వాటి వెనకాల అప్పు, వాన, ధర, కౌలు అన్నీ ఉన్నాయి.

మొదట్లో కలిగిన మేలు కాదనలేనిది. కాయతొలిచే పురుగు మీద మందు కొట్టడం తగ్గింది. మందు కొట్టేది మగవాడే అయినా, బిందెలతో నీళ్లు మోసి డ్రమ్ముల్లో పోసేది ఇంటి ఆడవాళ్లు. మందు వాసనతో ఉన్న బట్టలు ఉతికేదీ వాళ్లే. ఒక్క పిచికారీ తగ్గినా వాళ్లకి అంత మోత తగ్గినట్టే. దిగుబడీ పెరిగింది. దేశం మొత్తం మీద హెక్టారుకి సుమారు 300 కిలోల దూది వచ్చేది, 2007-08 నాటికి 500 కిలోలు దాటింది. వానలు బాగా పడడం, నీటి వసతి, ఎరువులు పెరగడం కూడా ఇందులో ఉన్నాయి. ఆ తర్వాత మాత్రం ఆ దిగుబడి పైకి పోలేదు, కొంచెం కిందికే దిగింది.

గింజ ఖరీదు

బీటీ విత్తనం వచ్చిన కొత్తలో 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 నుంచి 1,850 రూపాయల దాకా అమ్మారు. ఎకరానికి ఒకటైనా కావాలి. మొలక సరిగా రాకపోతే ఇంకోటి. ఆ ధరలో పెద్ద వాటా విత్తనం ఖరీదు కాదు, అందులోని జన్యువుకి కట్టే రాయల్టీ. ఒక దశలో అది ప్యాకెట్టుకి 1,250 రూపాయలు. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇది అన్యాయమని గుత్తాధిపత్యాల కమిషన్ ముందు ఫిర్యాదు చేసి, ప్యాకెట్టు ధర 750 రూపాయలకి దించింది. 2007లో దీనికోసమే ఒక చట్టం కూడా చేసింది. ఈ పోరాటం మన రాష్ట్రం నుంచి మొదలైందని ఎంతమందికి తెలుసు? ఆ తర్వాత 2015 చివర్లో కేంద్రమే ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016లో బోల్‌గార్డ్-2 ప్యాకెట్టు 800 రూపాయలు, అందులో రాయల్టీ 49. 2020కి రాయల్టీ సున్నా. 2025 సీజన్‌కి ప్యాకెట్టు ధర 901 రూపాయలు.

ధర తగ్గింది, సంతోషమే. అయితే ఇంకో మెలిక ఉంది. మన దేశంలో బీటీ జన్యువుని దాదాపుగా హైబ్రిడ్ విత్తనాల్లోనే పెట్టి అమ్మారు. చైనా, అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఎక్కువగా సూటి రకాల్లో పెట్టారు. సూటి రకమైతే ఈ ఏడు పంటలోంచి గింజ తీసి వచ్చే ఏడు వేసుకోవచ్చు. హైబ్రిడ్ గింజ దాచి వేస్తే అదే పంట రాదు. ఏటా కొనాల్సిందే. జూన్ నెల రాగానే విత్తనాల షాపు ముందు క్యూ, చేతిలో డబ్బు లేకపోతే అప్పు. ఆ అప్పు ఇచ్చేది చాలాచోట్ల షాపు యజమానే. రేపు పత్తి కూడా ఆయనకే, ఆయన చెప్పిన ధరకే వెయ్యాలి. ఆ విత్తనాల కోసం, మందుల కోసం తాకట్టుకి వెళ్లేవి ఏమిటో మనకి తెలుసుగా? చెవులకున్న కమ్మలు, మెళ్లో ఉన్న నాంతాడు.

పత్తి ఏరే చేతులు

దిగుబడి పెరిగితే ఏరాల్సిన పత్తీ పెరుగుతుంది. ఏరేది ఆడవాళ్లు. ఆర్థిక శాస్త్రవేత్తలు అర్జునన్ సుబ్రమణియన్, మాటిన్ కైమ్ మహారాష్ట్రలోని కన్జారా అనే ఊళ్లో ఇంటింటి లెక్కలు తీశారు. బీటీ పత్తి వల్ల మందు కొట్టే మగవాళ్ల పని తగ్గి, ఏరే ఆడ కూలీల పని పెరిగిందని తేల్చారు. కూలి డబ్బు ఆడవాళ్ల చేతికి ఎక్కువ రావడం మంచి విషయమే కదా!

కిందటి సంవత్సరం వరంగల్ వైపు బంధువుల ఊరెళ్లినప్పుడు చేలో పత్తి ఏరుతున్న ఒకావిణ్ణి ఇదే అడిగాను. పాత చీరని ఒడిలా నడుముకి కట్టుకుని, వంగినది వంగినట్టే ఉండి జవాబు చెప్పింది. "పత్తి మంచిగొస్తే మాకూ నాలుగు పైసలొస్తయ్ అక్కా, కాదనను. కిలోల లెక్కన ఇస్తరు గదా, ఎంత ఏరితే అంత. కానీ పొద్దుమీకేసరికి ఈ నడుము నాది కాదన్నట్టయితది" అంది. వేళ్లు చూపించింది. ఎండిన కాయల డొప్పలు గీసుకుని గోళ్ల చుట్టూ చర్మం లేచిపోయింది. "చేతులకి తొడుగులేసుకోరాదా?" అంటే నవ్వింది. "తొడుగులేసుకుంటే దూది చేతికి దొరకదు. కిలోలు తగ్గుతయ్" అంది.

ఇంకో బాధ ఉంది. పొద్దున్నే మంచులో ఏరితే పత్తి తడిగా ఉంటుంది. సీసీఐ కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే అసలు కొనరు. అందుకని రైతు మంచు ఆరాకే రమ్మంటాడు. మంచు ఆరేసరికి ఎండ ఎక్కుతుంది. కిలోల లెక్కన కూలి కాబట్టి ఆ ఎండలోనే పరుగు. పత్తి పగిలే అక్టోబరు నుంచి జనవరి దాకా బడికెళ్లే ఆడపిల్లల్ని కూడా తల్లులు వెంటబెట్టుకుపోతారు. ఇద్దరేరితే కిలోలు పెరుగుతాయి మరి.

మొగ్గలు విప్పిన చిట్టి వేళ్లు

హైబ్రిడ్ పత్తి గింజ ఎలా తయారవుతుందో మీరెప్పుడైనా చూశారా? గద్వాల, కర్నూలు ప్రాంతాల్లో దీన్ని 'క్రాసింగ్ పని' అంటారు. రేపు పొద్దున విచ్చుకోబోయే ఆడ మొక్క మొగ్గని ఇవాళ సాయంత్రమే పట్టుకోవాలి. గోటితో రేకులు వలిచి, లోపల పుప్పొడి ఉండే భాగాన్ని మొత్తం తీసెయ్యాలి. కీలాగ్రం దెబ్బతినకూడదు. మర్నాడు పొద్దున మగ మొక్కల పూలు తెంపి తెచ్చి ఆ కీలాగ్రం మీద రుద్దాలి. ఒక్కొక్క పువ్వుకీ ఇలాగే. పూతున్నన్నాళ్లూ, అంటే నెలల తరబడి, ఒక్క రోజూ ఆపకూడదు.

"ఈ పనికి ఆడపిల్లలయితేనే బాగుంటుంది. వేళ్లు సన్నగా ఉంటాయి, ఎత్తు మొక్కకి సరిపోతుంది, మాట వింటారు" అనే మాట ఆ ప్రాంతాల్లో మామూలు. అసలు కారణం అది కాదు, చవక కూలి. పిల్లల తల్లిదండ్రులకి సీజను ముందే అడ్వాన్సు ఇచ్చేసేవారు. ఆ అడ్వాన్సు తీరేదాకా పిల్లకి బడి లేదు. దావులూరి వెంకటేశ్వర్లు లాంటి పరిశోధకులు 2000 దశకం మొదట్లో ఈ సంగతి లెక్కలతో సహా బయటపెట్టారు. పెద్ద పెద్ద కంపెనీలకి గింజలు వెళ్లే పొలాల్లోనే ఇది జరుగుతోందని ప్రపంచానికి తెలిసింది. కంపెనీ నేరుగా రైతుతో మాట్లాడదు, మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు. గింజకి కంపెనీ ఇచ్చే ధర ముందే ఖాయం. పెద్దవాళ్లకిచ్చే కూలి ఇస్తే ఆ ధర గిట్టుబాటు కాదు. మిగిలే ఒకే దారి పిల్ల కూలి.

రంగారెడ్డి జిల్లాలో మొదలుపెట్టి మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ ఇలాంటి పిల్లలెందరినో పనిలోంచి బడికి మళ్లించింది. ఆ కృషికి శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. గొడవ పెద్దదయ్యాక కంపెనీలు కూడా పిల్లలు లేని పొలాలకి బోనస్ లాంటివి పెట్టాయి. మా ఇంటి దగ్గర టైలరింగ్ చేసే అమ్మాయిది గద్వాల వైపు పల్లె. "నేను నాలుగో క్లాసుతో మానేసి మూడేళ్లు క్రాసింగ్ చేశానాంటీ. ఇప్పటికీ మందారం మొగ్గ చూస్తే గోరు దానంతటదే లేస్తుంది" అని నవ్వుతూ చెబుతుంది. వాళ్లమ్మాయిని మాత్రం ఒక్కరోజు కూడా బడి మానిపించదు.

కలుపు మందు వచ్చాక

ఈమధ్య పల్లెల్లో ఇంకో విత్తనం చాటుగా తిరుగుతోంది. గడ్డి మందు కొట్టినా చావని పత్తి. దీనికి మన దేశంలో అనుమతి లేదు. అయినా అమ్ముతున్నారు, పట్టుబడుతున్నారు, మళ్లీ అమ్ముతున్నారు. రైతు ఎందుకు కొంటున్నాడంటే కూలీలు దొరకడం లేదు, దొరికినా ఖర్చు భరించలేడు. రెండెకరాల్లో తనే వంగి కలుపు తీసుకునే ఒంటరి ఆడ రైతుకి ఇది ఊరటే. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ భూమి లేని ఆడదానికి కలుపు తీతే కదా శ్రావణ భాద్రపదాల్లో కూలి! ఆ కూలి ఒక సీసాడు మందులో పోతుంది. పైగా దొంగచాటు విత్తనానికి బిల్లుండదు. మొలవకపోతే అడిగే దిక్కుండదు.

ఆ మందు పత్తిని వదిలేసి మిగతా పచ్చటిదాన్నల్లా చంపుతుంది. పత్తి సాళ్ల మధ్య ఇంటి ఖర్చుకని ఆడవాళ్లు వేసుకునే కందీ, పెసరా, బబ్బెరా, గోంగూరా పోతాయి. కలుపు తీస్తూ ఒళ్లో వేసుకొచ్చే తుమ్మికూర, పొన్నగంటి కూర పోతాయి. అంతెందుకు, బతుకమ్మ పేర్చే గునుగు పువ్వు ఎక్కడిది? చేలో కలుపుగా మొలిచిందే కదా!

పురుగు కూడా నేర్చుకుంది

గులాబి రంగు పురుగు సంగతి చూడండి. 2010లో మొదటి రకం బీటీని అది తట్టుకుంటోందని గుజరాత్‌లోని కొన్ని జిల్లాల విషయంలో కంపెనీయే ఒప్పుకుంది. 2014-15కి రెండో రకానికీ అలవాటుపడింది. తర్వాత తెలంగాణ, ఆంధ్రలకీ ఆ బెడద వచ్చింది. పురుగు అంత తొందరగా అలవాటు పడకూడదనే బీటీ ప్యాకెట్టుతోపాటు 120 గ్రాముల బీటీ కాని గింజ విడిగా ఇచ్చేవారు. చేను చుట్టూ వెయ్యమని. ఉన్న రెండెకరాల్లో పురుగు కోసం కొంత వదులుకోవడం ఎవరికి మనసొప్పుతుంది? చాలామంది ఆ చిన్న ప్యాకెట్టు పారేశారు. దానికి తోడు పంటని ఫిబ్రవరి, మార్చి దాకా చేలోనే ఉంచడంతో పురుగుకి ఏడాది పొడుగునా తిండి దొరికింది.

మళ్లీ మందు డబ్బాలు వచ్చాయి. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులూ కూలీలూ చనిపోయారు. తగ్గిందనుకున్న ఖర్చు తిరిగొచ్చింది, గింజ ఖర్చు మాత్రం ఉండనే ఉంది.

అప్పు ఆమెది, పట్టా ఆయనది

పంట పోయి ఇంటి మగవాడు ప్రాణం తీసుకుంటే ఆ అప్పు ఎవరి మీద పడుతుంది? 2004లో జీవో 421 కింద అప్పటి ప్రభుత్వం ఆ కుటుంబాలకి లక్షా యాభై వేల రూపాయల సాయం ప్రకటించింది. అందులో యాభై వేలు అప్పుల సర్దుబాటుకి. కాగితాల దగ్గరకొచ్చేసరికి ఎన్నో ఇళ్ల వాళ్లకి అది అందలేదు. భూమి కౌలుదైతే పట్టా ఉండదు, షావుకారు అప్పుకి రసీదు ఉండదు. తెలంగాణలో 2018లో వచ్చిన రైతు బీమా మేలైనదే. ఏ కారణంతో పోయినా పది రోజుల్లో 5 లక్షలు ఇవ్వాలన్నది పథకం. కానీ అది పట్టాదారుకే. కౌలు రైతు భార్యకి రాదు. తెల్లారుజామున లేచి చేలో పనిచేసినా పాసుపుస్తకంలో పేరు లేకపోతే ఆ ఇల్లాలు రైతే కాదు. బ్యాంకు దృష్టిలోనూ కాదు, విత్తనం సబ్సిడీ ఇచ్చేచోటా కాదు.

విత్తనం దాచుకున్న వాళ్లు

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఉన్నారు. చాలామంది దళిత స్త్రీలు, చదువు రానివాళ్లు. జొన్న, కొర్ర, సజ్జ, కంది... ఒక్కో చేలో పది పదిహేను రకాలు కలిపి వేస్తారు. గింజని బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచి, ఒకరికొకరు అప్పు ఇచ్చుకుంటారు. ఆ అప్పుకి వడ్డీ కూడా గింజలే. వాళ్లే కెమెరాలు పట్టుకుని వరంగల్ వెళ్లి, బీటీ పత్తి వేసిన రైతులతో మాట్లాడి సినిమాలు తీశారు. మొదట అనుమతి పొందిన బీటీ రకాలు మన నేలల్లో సరిగా పండలేదన్న ఫిర్యాదులు ఎక్కువై, 2005లో ఆ మూడు రకాలనీ ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకుండా ఆపేశారు. ఈ సంఘానికి 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

అందరం జొన్నలకి వెళ్లిపోవాలని నేననడం లేదు. పిల్లల ఫీజులు కట్టాలంటే చేతికి డబ్బొచ్చే పంట కావాలి. కాకపోతే గింజ ఇంట్లో ఉన్న ఆడదాని మాటకి ఇంట్లో ఒక విలువుంటుంది. ఏ చేలో ఏది వెయ్యాలో ఆమెని అడుగుతారు. గింజ షాపులోకి వెళ్లాక ఆ నిర్ణయం కూడా మగవాడితో పాటు షాపుకే వెళ్లింది.

రేపు మన అన్నం కంచంలోకి

బీటీ వంకాయకి 2009 అక్టోబరులో నిపుణుల సంఘం పచ్చజెండా ఊపింది. అప్పటి మంత్రి జైరాం రమేష్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో జనం మాట విని, 2010 ఫిబ్రవరి 9న దాన్ని ఆపేశారు. పక్కనున్న బంగ్లాదేశ్‌లో మాత్రం 2014 నుంచి పండిస్తున్నారు. ఆవాల విషయం సుప్రీంకోర్టుకి వెళ్తే, 2024 జులైలో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. ఇక 2025 మేలో జీన్ ఎడిటింగ్ చేసిన రెండు వరి రకాలు ప్రకటించారు. ఒకటి మన బాపట్ల సాంబ మసూరి నుంచి, రెండోది మన మార్టేరు కాటన్‌దొర సన్నాల నుంచి తయారుచేసినవి. వీటిలో బయటి జన్యువేదీ ఎక్కించలేదు, ఉన్న జన్యువునే సరిచేశారు. అందుకని బీటీకీ దీనికీ ముడిపెట్టకూడదు. చేసింది కూడా ప్రభుత్వ సంస్థలే. వరి కాబట్టి గింజ దాచుకోవచ్చు. అయితే ఆ సరిచేసే పద్ధతి మీద పేటెంట్లు విదేశాల వాళ్లవి. రేపు ఆ గింజ ఎవరిదవుతుంది, దాచుకునే హక్కు ఉంటుందా అని అడగాల్సింది ఇప్పుడే. అంతా అయ్యాక అడిగితే లాభం లేదని పత్తి దగ్గర చూశాంగా!

డ్వాక్రా మీటింగులో ఈ నాలుగు మాటలు

మన రెండు రాష్ట్రాల్లో డ్వాక్రా సంఘం లేని ఊరు లేదు. పొదుపు లెక్కలయ్యాక ఓ పావుగంట ఈ సంగతులూ మాట్లాడుకోవచ్చు.

విత్తనం కొంటే బిల్లు తప్పకుండా తీసుకోవాలి. బిల్లూ, లాట్ నంబరున్న ఖాళీ ప్యాకెట్టూ పంట చేతికొచ్చేదాకా పెట్టెలో దాచాలి. నష్టపరిహారం అడగాలంటే అవే ఆధారం.

పత్తిని డిసెంబరు, జనవరికల్లా తీసేసి మోళ్లు పీకెయ్యాలి. ఆఖరి నాలుగు కాయల కోసం ఉంచితే పురుగుని పెంచుకున్నట్టే.

రైతు తన పంటలోని గింజని దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. 2001లో చేసిన చట్టమే ఆ హక్కు ఇచ్చింది. ఇది ఆడవాళ్లకి ముందు తెలియాలి.

పాసుపుస్తకంలో మీ పేరుందా అని ఇంట్లో అడగండి. ఉమ్మడిగానైనా ఉండాలి. మొదట్లో మొహం చిట్లిస్తారు, ఫరవాలేదు. ఇంకోసారి అడగండి.